చేతులు వలకు, కాళ్లు పడవకు

కరీంనగర్ దిగువ మానేరు కట్ట మీద తెల్లవారుజామున నిలబడి చూసేవారికి, దూరాన మనుషులు నీళ్ల మీద కూర్చుని పోతున్నట్టు కనిపిస్తుంది. మనిషి కనిపిస్తాడు, చేతిలో తెడ్డు కనిపిస్తుంది, పడవ మాత్రం కనిపించదు. గట్టు దగ్గరికి వచ్చాక గాని అసలు సంగతి తెలియదు. అతని కింద ఉన్నది పడవ కాదు, థర్మాకోల్ పలక. టీవీలకు, ఫ్రిజ్జులకు దెబ్బ తగలకుండా అట్టపెట్టెలో పెట్టి పంపే తెల్లటి సరుకు అది. దాన్ని దళసరిగా తెచ్చి, పాత సంచులో ఫ్లెక్సీ గుడ్డో చుట్టి, తాళ్లతో బిగించి తెప్ప అంటున్నారు. కొన్నిచోట్ల అదీ లేదు. లారీ ట్యూబులో గాలి కొట్టించి, మీద పలక కట్టుకుని కాళ్లు నీళ్లలో వేలాడేసి పోతున్నారు.

తెప్పను తక్కువ చేసి మాట్లాడటానికి ఇది రాయడం లేదు. ఏ ఇంజనీరూ చెప్పకుండా, ఏ ఆఫీసూ ఇవ్వకుండా మత్స్యకారులు తమకు తాముగా సమకూర్చుకున్న సాధనం అది. ఒక్కడే భుజాన వేసుకుని గట్టు దిగవచ్చు. చిల్లు పడితే మునగదు. కర్రకూ, వెదురుకూ, తోలుకూ పెట్టే ఖర్చులో ఎన్నో వంతుకు వస్తుంది. కాని దానికి ముందు లేదు, వెనుక లేదు, అంచు లేదు. పట్టిన చేప జారిపోకుండా సంచిలో వేసి కాళ్ల మధ్య పెట్టుకోవాలి. గాలి లేస్తే ఎటు తోస్తే అటు పోతుంది. రెండేళ్లు వాడితే పలక నీరు తాగి బరువెక్కుతుంది, అంచులు పొడిపొడిగా రాలతాయి. ఆ పొడి మళ్లీ నీళ్లలోకే, చేపల నోటికే.

అన్నిటికంటే పెద్ద చిక్కు చేతుల చిక్కు. మనిషికి ఉన్నవి రెండు చేతులు. నీళ్ల మీద ఉన్న పనులు మూడు. తెడ్డు వేయాలి, వల లాగాలి, వలలో చిక్కిన చేపను విడిపించాలి. మానేరులో గాని, గోదావరిలో గాని వల ఎత్తే మనిషిని అడిగి చూడండి. "ఇంకో చెయ్యుంటే బాగుండు సారూ" అంటాడు. నవ్వులాటకు అన్నట్టే ఉంటుంది గాని, మాట మాత్రం నిజం.

ఈ మూడో చెయ్యి ప్రశ్నకు పరాయి దేశాల్లో చేపలు పట్టేవాళ్ల మధ్య ఒక పెద్ద చర్చే నడిచింది. అక్కడ కయాక్ అనే సన్నటి పొడుగాటి పడవ మీద కూర్చుని గాలం వేస్తారు. ఆ కయాక్‌ను తెడ్డుతో నడపడం మేలా, కాళ్లతో పెడలు తొక్కి నడపడం మేలా అన్నది ఆ చర్చ. వినడానికి అది డబ్బున్నవాళ్ల సరదా ముచ్చటలాగే ఉంటుంది. నిజానికి కయాక్ సరదా కోసం పుట్టినది కాదు. గ్రీన్‌లాండ్‌లోనూ, ఉత్తర ధ్రువం చుట్టుపక్కల మంచు సముద్రాల్లోనూ బతికే ఇన్యూట్ జనం తిండి కోసం చేసుకున్న వేట పడవ అది. అక్కడ చెట్లు లేవు. నీళ్లలో కొట్టుకొచ్చిన కర్రతోనో, తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, సీలు తోలు కుట్టి బిగించేవారు. రెండు వైపులా రెక్కలున్న ఒకే తెడ్డుతో నడిపేవారు. సీలు కనబడ్డప్పుడు తెడ్డు వదిలి బల్లెం అందుకోవాలి, బల్లెం అందుకున్నంతసేపూ పడవను అదుపులో పెట్టుకోవాలి. అంటే మన మానేరు మనిషికి ఉన్న చిక్కే అక్కడి వేటగాడికీ ఉండేది. కష్టజీవి పడవను తరువాతి కాలంలో కంపెనీలు ప్లాస్టిక్‌తో పోతపోసి, విలాస వస్తువుగా అమ్ముకున్నాయి.

1997లో అమెరికాలోని కాలిఫోర్నియా కంపెనీ హోబీ, కాళ్లతో నడిచే కయాక్‌ను బజారులో పెట్టింది. అందులో కూర్చున్న మనిషి రెండు పాదాలతో రెండు పెడళ్లను ఒకదాని తరువాత ఒకటి ముందుకు నెడతాడు. పడవ అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగి నీటిని వెనక్కు తోస్తాయి. నీళ్లలో ఈదే పెంగ్విన్ పక్షి రెక్కల తీరు అది. ఆ తరువాత ఇంకో రకం వచ్చింది. అందులో సైకిలు తొక్కినట్టే గుండ్రంగా తొక్కాలి, అడుగున చిన్న ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను రకంలో వెనక్కు తొక్కితే పడవ వెనక్కు పోతుంది. రెక్కల రకంలో వెనక్కు పోయే ఏర్పాటు చాలా ఏళ్ల తరువాత గాని రాలేదు.

ఇందులోని కిటుకు మన జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. సిరిసిల్లలో పవర్‌లూములు రాకముందు గుంట మగ్గం మీద నేత నేసిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. మగ్గం గుంటలో నేతగాని కాళ్లు తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. కాళ్లు పోగులను పైకీ కిందికీ విడదీస్తాయి, చేతులు నాడెను విసురుతాయి. కాళ్లు ఆ పని చేయకపోతే చేతులు నేయలేవు. బట్టలు కుట్టే దర్జీ కూడా అంతే, కాళ్లతో మిషను తొక్కుతాడు, చేతులతో గుడ్డ నడుపుతాడు. బంగ్లాదేశ్‌లో 1970ల చివర వెదురుతో తొక్కుడు పంపు తయారు చేస్తే, చేతి పంపు కొట్టలేక అలసిపోయిన చిన్న రైతులు లక్షల సంఖ్యలో దాన్ని పెట్టుకుని పొలాలకు నీళ్లు పారించుకున్నారు. మనిషి ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లో ఉన్నాయి. భుజం ఎంత గట్టిదైనా తొడకు సాటి రాదు. భుజం త్వరగా అలసిపోయే పనిని కాలు ఇంకా ఎక్కువసేపు చేయగలదు.

నీళ్ల మీద కూడా ఈ తెలివి కాలిఫోర్నియాలో మొదలవలేదు. మయన్మార్ దేశంలో ఇన్లే అనే సరస్సు ఉంది. అక్కడి ఇంతా తెగ జాలర్లు పడవ చివర ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని పొడుగాటి తెడ్డుకు మెలివేసి దానితోనే పడవ నడుపుతారు. చేతులు రెండూ బుట్టలాంటి వలకు ఖాళీ. నిలబడే నడపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ సరస్సులో నాచు, తుంగ ఎక్కువ. కూర్చుంటే దారి కనబడదు. వియత్నాంలో నిన్ బిన్ దగ్గర పడవ నడిపే ఆడవాళ్లు వెనక్కు ఒరిగి కూర్చుని రెండు పాదాలతో రెండు తెడ్లు వేస్తారు. ఎవరూ పేటెంటు తీసుకోలేదు. ఎవరూ అవార్డు ఇవ్వలేదు. పని అవసరం పడి పాదం నేర్చుకుంది.

ఇక అసలు పోలికకు వద్దాం. ఏది మేలు? అంగడిలో అమ్మేవాడు పెడలు వేగం అంటాడు. వేగం సంగతి లెక్క వేసి చూద్దాం. వల గట్టుకు రెండు కిలోమీటర్ల దూరంలో కట్టారనుకోండి. సాయంత్రం పోయి వల కట్టి రావాలి, పొద్దున్నే పోయి ఎత్తుకు రావాలి. మొత్తం ఎనిమిది కిలోమీటర్లు. థర్మాకోల్ తెప్ప గంటకు రెండు కిలోమీటర్లు పోతుందనుకుంటే నాలుగు గంటలు నీళ్ల మీద దారిలోనే గడిచిపోతాయి. తెడ్డు కయాక్ గంటకు నాలుగు పోతుందనుకుంటే రెండు గంటలు. పెడలు కయాక్ గంటకు ఐదు అనుకుంటే గంటా ముప్పై ఆరు నిమిషాలు. ఇవి నడక వేగంతో పోల్చి వేసిన అంచనాలే, గాలినిబట్టీ మనిషినిబట్టీ మారతాయి. అయినా ఒక సంగతి మాత్రం తేలిపోతుంది. పలక నుంచి పడవకు మారితే మిగిలేది రెండు గంటలు. తెడ్డు నుంచి పెడలుకు మారితే మిగిలేది ఇరవై నాలుగు నిమిషాలు.

కాబట్టి మన దగ్గర మొదటి తగవు తెడ్డుకూ పెడలుకూ మధ్య కాదు, పలకకూ పడవకూ మధ్య. నీటిని చీల్చుకుపోయే ముక్కు, చేప జారిపోని అంచు, తడవకుండా కూర్చునే పీట, ఇవి ఉన్న ఏ పడవైనా, దానికి చేతి తెడ్డే ఉన్నా, ఇవాళ్టి తెప్ప కంటే ఎంతో మేలు. పొద్దున ఒక గంట ముందు గట్టుకు చేరితే చేప తాజాగా బజారుకు పోతుంది. ఎండెక్కిన తరువాత గంప దించే ఆడమనిషి చెప్పిన ధరకు కాక అడిగిన ధరకు ఇచ్చేసి రావలసి వస్తుంది. నీళ్ల మీద మగవాడు పోగొట్టుకున్న గంటకు, బజారులో బేరం దగ్గర చెల్లించేది ఆవిడే.

మరి పెడలు ఎందుకు? దారి కోసం కాదు, వల దగ్గర కోసం.

వల ఎత్తడం ఎలాగో తెలిసినవాళ్లకు తెలుసు. కట్టు వలకు పై తాడుకు బెండ్లు, కింది తాడుకు గుండ్లు ఉంటాయి. మధ్యలో సన్నటి నైలాన్ దారం గోడలాగా నిలబడి ఉంటుంది. మనిషి ఒక చివర పట్టుకుని, పై తాడును మూర మూర ఒళ్లోకి లాక్కుంటూ పోవాలి. బొచ్చె చిక్కితే మొప్పల దగ్గర దారం తప్పించాలి. జెల్ల చిక్కితే ముల్లు చేతికి గుచ్చుకోకుండా చూసుకోవాలి, లేకపోతే రెండు రోజులు చెయ్యి పనికి రాదు. ఇదంతా రెండు చేతుల పని. ఈ పని మధ్యలో గాలి ఒక్క తోపు తోస్తే తెప్ప వల మీదికే పోతుంది, లేకపోతే వలను ఈడ్చుకుంటూ పక్కకు పోతుంది. అప్పుడు లాగిన వలను మోకాలి కింద అదిమి, తెడ్డు అందుకుని నాలుగు వేట్లు వేసి, మళ్లీ తెడ్డు పెట్టి వల పట్టుకోవాలి. ఈలోగా సగం విడిపించిన చేప తన్నుకుని నీళ్లలో పడుతుంది. ఇట్లా ఒక వల ఎత్తేలోపు తెడ్డు ఎన్నిసార్లు పట్టాలో, ఎన్నిసార్లు పెట్టాలో. ఒక్కోసారి తెడ్డే జారి నీళ్లలో పోతుంది. వర్షాకాలంలో పడమటి గాలి విసిరే రోజుల్లో శ్రీరాంసాగర్ వెనుక నీళ్లలో, బాసర వైపు, వల ఎత్తినవాళ్లు దీన్ని ఇంకా బాగా చెప్పగలరు.

పెడలు ఉన్న పడవలో ఇక్కడే తేడా వస్తుంది. గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, మెల్లగా తొక్కుతూ ఉంటే పడవ ఉన్నచోటనే నిలబడుతుంది. చేతులు వల మీద నుంచి లేవవలసిన పని లేదు. వలతో పాటు అడుగు అడుగు ముందుకు జరగవచ్చు. ఫ్యాను రకమైతే ఒకటి రెండు సార్లు వెనక్కు తొక్కి వల మీద నుంచి తప్పుకోవచ్చు. చుక్కాని తిప్పడానికి మాత్రం దారిలో ఒక చెయ్యి కావాలి, అది చిన్న పిడి, వేళ్లతో తిరుగుతుంది. గాలం వేసేవాళ్లకైతే ఇంకా సుఖం. కొర్రమట్ట తగిలిందనుకోండి, అది నాచులోకో మొద్దు కిందికో లాక్కుపోకుండా పడవను వెనక్కు జరుపుకుంటూనే దారం చుట్టుకోవచ్చు. తెడ్డు కయాక్‌లో గాలం పట్టుకున్నవాడిని చేపే ఈడ్చుకుపోతుంది. అక్కడివాళ్లు పెడలును మెచ్చుకునేది ముఖ్యంగా ఇందుకే.

అయితే తెడ్డును తీసిపారేయడానికి లేదు. మన నీళ్లు వాళ్ల నీళ్లు కావు.

ముందుగా లోతు చూడండి. కయాక్ జానెడు నీళ్లలో కూడా తేలుతుంది. పెడలు కింద వేలాడే ఫ్యానుకో రెక్కలకో ఇంకో మూరెడు నీళ్లు కావాలి. ఎండాకాలం ఊరి చెరువులో మూరెడు నీళ్లు ఎక్కడివి? అక్కడ తెడ్డు కూడా కాదు, గడే సరైన సాధనం. నెహ్రూ 1963లో పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల లెక్కతో కట్టారు. పూడిక వచ్చి వచ్చి తరువాతి కొలతల్లో ఆ లెక్క బాగా తగ్గిపోయింది. పూడిక ఉన్న చోట గట్టు నుంచి ఎంతో దూరం వరకు బురద నీళ్లే. బురదలో ఫ్యాను తిరిగితే ఏమవుతుందో ట్రాక్టరు దిగబడ్డప్పుడు చూసినవాళ్లకు తెలుసు.

తరువాత నీళ్ల అడుగు. మధ్య మానేరు కింద అనుపురం, కొదురుపాక లాంటి ఊళ్లు మునిగాయి. మునిగిన ఊరి మీద వల వేసేవాడికి కింద గోడ ఎక్కడుందో, చింతచెట్టు మొద్దు ఎక్కడుందో తెలియాలి. కడెం ప్రాజెక్టు అడవి మధ్యన ఉంది, వరద వస్తే కొట్టుకొచ్చేది నీళ్లు ఒక్కటే కాదు, చెట్లు కూడా. 2022 జూలైలో గేట్ల మీదుగా నీళ్లు దూకినప్పుడు ఎన్ని దుంగలు వచ్చి గేట్లకు అడ్డం పడ్డాయో అక్కడివాళ్లు చూశారు. దుంగకు తెడ్డు తగిలితే తెడ్డు పక్కకు జరుగుతుంది. పెడలు రెక్క తగిలితే వంగుతుంది, లేదా విరుగుతుంది. రెక్కల రకంలో ఒక పెడలును పూర్తిగా ముందుకు నెట్టి పెడితే రెక్కలు పడవ అడుగుకు అతుక్కుంటాయి, అప్పుడు మొద్దు మీదుగా జారిపోవచ్చు. ఫ్యాను రకంలో మొత్తం యంత్రాన్నే పైకి ఎత్తుకోవాలి. గుర్రపుడెక్క ఉన్న చోట రెండు రకాలూ దండగే. ఆకు, వేరు చుట్టుకుంటే విప్పడానికే పొద్దు పోతుంది.

ఇక మూడో అడ్డంకి అన్నిటికంటే ముఖ్యమైనది, అమ్మేవాళ్లు దీని గురించి ఎక్కడా చెప్పరు. ఆ కయాక్‌లు గాలం కోసం చేసినవి, వల కోసం కాదు. పెడలు యంత్రం ఎక్కడుంటుంది? మనిషి రెండు కాళ్ల మధ్య, సరిగ్గా మన జాలరి వలను ఒళ్లోకి లాక్కునే చోట. మోకాళ్లు ఆడుతున్న చోట వల కుప్ప పడితే దారం పెడలుకు చుట్టుకుంటుంది. సైకిలు చైనులో చీర కొంగు పడ్డట్టే. వల కట్టి ఉన్న తాడు మీదుగా పోయేటప్పుడు అడుగున ఉన్న ఫ్యానుకు ఆ దారమే తగిలితే వల చిరుగుతుంది, ఫ్యాను ఆగుతుంది, నట్టనడి నీళ్లలో మనిషి చిక్కుబడిపోతాడు. చేపల వేటలో ప్రాణాలు పోయేది తరచు ఈ కారణంగానే, వల కాలికి చుట్టుకుని. ఈత వచ్చినవాడికి కూడా వల చుట్టుకుంటే ఈత పనికి రాదు. కాబట్టి పరాయి కయాక్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి మానేరులో దించితే పని సాగకపోగా ప్రమాదం కూడా.

బరువూ ధరా సరేసరి. చేపల వేటకు చేసిన తెడ్డు కయాక్ పాతిక ముప్పై కిలోలు ఉంటే, పెడలుది నలభై నుంచి యాభై దాటుతుంది. ఒక్క మనిషి భుజాన వేసుకుని పోయేది కాదు. ఊళ్లో పెట్టిన పెడలు సామాను రాత్రికి రాత్రి ఎవడైనా విప్పుకుపోతాడు గనక ఇంటికి మోసుకుపోవాలి. అమెరికాలో పెడలు కయాక్ ధర రెండు మూడు వేల డాలర్లు, అంటే మన లెక్కలో లక్షల మాట. అంత ఇచ్చి కొనేది కూలికి పోయినట్టు నీళ్లలోకి పోయే మనిషి కాదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. మన పట్నాల్లో చేతితో లాగే రిక్షా పోయి తొక్కే రిక్షా వచ్చింది. మనిషి గుర్రంలాగా ముందు పరుగెత్తే బాధ తప్పింది, పెడలు నిజంగానే మేలు చేసింది. అయినా పొద్దంతా తొక్కినవాడు సాయంత్రం ముందుగా కట్టవలసింది యజమానికి కిరాయి. రిక్షా తనది కాదు. చేపల దగ్గర కూడా ఇదే తంతు నడుస్తున్నది. వల కొనడానికి దళారి అప్పు ఇస్తాడు. అప్పు తీరేదాకా చేప అతనికే పోయాలి, తూకం అతనిది, ధర అతనిది. రేపు అదే దళారి ఒక పెడలు పడవ తెచ్చి, "తీసుకపో, చేపలతోని తీరుస్తవు తియ్" అన్నాడనుకోండి. ఇప్పటిదాకా చేతులు తాకట్టులో ఉన్నాయి, ఇక కాళ్లు కూడా పోతాయి. ఆదా అయిన గంట దళారి లెక్కలోకి పోతుంది. అందుకే పడవ ఏ రకం అన్న ప్రశ్నను, పడవ ఎవరి పేర అన్న ప్రశ్న నుంచి విడదీయడానికి లేదు. సొసైటీ పేర వస్తే ఒక మాట, కాంట్రాక్టరు పేర వస్తే ఇంకో మాట.

ప్రభుత్వ డబ్బు లేదా అంటే ఉంది. 2016-17 నుంచి చెరువుల్లో, ప్రాజెక్టుల్లో ఉచితంగా చేపపిల్లలు పోశారు. 2018లో 75 శాతం సబ్సిడీతో మత్స్యకారులకు మోపెడ్లు, ఆటోలు ఇచ్చారు. 2020లో కేంద్రం ప్రారంభించిన మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు ఇచ్చే అంశం కూడా ఉంది. సాధారణంగా 40 శాతం, దళితులకూ గిరిజనులకూ మహిళలకూ 60 శాతం సాయం అని దాని నిబంధన. అదే పథకం కింద ప్రమాదంలో చనిపోయిన మత్స్యకారుని కుటుంబానికి ఐదు లక్షల బీమా. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులే, అడగడానికి సిగ్గుపడవలసింది లేదు. కాని పడవ అనగానే ఆఫీసుల్లో వాళ్ల మనసులో మెదిలేది సముద్రం. కోస్తా పడవ కొలతలే అన్నిటికీ కొలతలు. నడి దేశపు ప్రాజెక్టులో ఒంటరిగా వల ఎత్తే మనిషికి ఎట్లాంటి పడవ కావాలో కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ. రోడ్డు మీద చేప అమ్మే బండి గురించి జరిగినంత ఆలోచన, నీళ్ల మీద చేప పట్టే బండి గురించి జరగలేదు. బోటింగు కేంద్రాల్లో పట్నం పిల్లలు హంస బొమ్మ పెట్టిన పెడలు బోట్లు తొక్కి ఆడుకుంటున్నారు. పెడలు విద్య ప్రభుత్వానికి తెలియనిది కాదన్న మాట.

పరాయి కంపెనీ సరుకే కావాలని ఎవరూ అనడం లేదు. ఇది రాకెట్టు కాదు. సైకిలు దుకాణంలో దొరికే క్రాంకు, బాల్ బేరింగులు, చైను, ఒక ఫ్యాను. బిహార్‌లోని మోతిహారి ప్రాంతపు మహమ్మద్ సైదుల్లా 1975 వరదల్లో తన సైకిలుకు రెండు పక్కలా తేలే డబ్బాలు కట్టి, చక్రానికి రెక్కలు బిగించి నీళ్ల మీద తొక్కుకుంటూ పోయాడు. 2005లో ఢిల్లీ పిలిచి జాతీయ అవార్డు ఇచ్చింది. అవార్డు ఆయన ఇంటికి చేరింది గాని, ఆ సైకిలు వరద ఊళ్ల గట్లకు చేరలేదు. కనిపెట్టినవాడిని సన్మానించడం వేరు, కనిపెట్టినదాన్ని పదిమందికి అందించడం వేరు. పడవ తొట్టి సంగతికి వస్తే, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చిన్న పడవలకు ఫైబరు వాడకం మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నది. కర్ర పడవలాగా అది చివకదు, థర్మాకోల్‌లాగా పొడి రాలదు. పుట్టికి మాత్రం పెడలు కుదరదు. గుండ్రటి పుట్టిని ముందు నుంచి తెడ్డుతో లాక్కోవాలి గాని వెనుక నుంచి తోస్తే బొంగరంలాగా తిరుగుతుంది. పెడలుకు పొడుగాటి పడవే కావాలి.

కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ వైపు సొసైటీలు ఏదైనా అడిగేటట్టుంటే ఇద్దరు కూర్చునే పడవను అడగడం మంచిది. మన దగ్గర అన్నదమ్ములో తండ్రీకొడుకులో, కొన్ని ఇళ్లలో భార్యాభర్తలో జంటగా పోవడం కొత్త కాదు. ఒకరు వెనుక కూర్చుని తొక్కుతారు, చుక్కాని పట్టుకుంటారు. ఇంకొకరు ముందు కూర్చుని వల ఎత్తుతారు. అప్పుడు పెడలు దగ్గర వల పడదు, వల దగ్గర మోకాలు ఆడదు. వెనుకవాడు కొంచెం ముసలివాడైనా ఫరవాలేదు, భుజం పట్టేసి తెడ్డు మానుకున్నవాళ్లకు కూడా కాళ్లలో సత్తువ ఉంటుంది. ఒంటరిగా పోయేవాడికి మాత్రం పెడలు పీటకు ముందు కాకుండా ఇంకెక్కడ పెట్టాలో చూడాలి. రెక్కల రకం గుండ్రంగా తిరగదు, ముందుకూ వెనక్కూ ఊగుతుంది గనక దారం చుట్టుకునే భయం కొంత తక్కువ. మీద ఒక రేకు తొడుగు వేస్తే ఇంకా తగ్గుతుంది. యంత్రం రెండు బోల్టులు తిప్పితే ఊడివచ్చేటట్టు ఉండాలి. తెడ్డు ఎప్పుడూ పడవలోనే ఉండాలి, తాడుతో కట్టి.

నమూనా పడవ ఒకటి చేశారనుకోండి, దాన్ని ఆగస్టులో నిండు నీళ్ల మీద ఫొటోల కోసం తిప్పి వదిలేస్తే లాభం లేదు. నిండు నీళ్ల మీద ఏ పడవైనా బాగానే పోతుంది. మే నెలలో, నీళ్లు అడుగంటి మధ్య మానేరులో మొండిగోడలు, కడెంలో మొద్దులు బయటపడ్డప్పుడు కూడా అదే పడవను అదే మనుషులకు ఇచ్చి నెలరోజులు వల ఎత్తించాలి. ఎన్నిసార్లు రెక్క విరిగింది, ఎన్ని మూరల వల చిరిగింది, గట్టు నుంచి ఇంటికి ఎవరు మోశారు అన్నది రాసుకోవాలి. రాసేది ఆఫీసు గుమాస్తా కాదు, సొసైటీ పుస్తకంలో సొసైటీ మనిషే రాయాలి.